బాట లేని నేల, బండి మీది ఏరియల్

ప్రసారశాఖలో పనిచేయు మాకు ఒక వృత్తిధర్మము కలదు. మేము పలుకుదుము, శ్రోత వినును. వినినవాడు బదులు చెప్పదలచినచో కార్డు వ్రాయవలెను, లేదా టెలిఫోను చేయవలెను. అతని రేడియోపెట్టెలో మాకు బదులు పలికెడి యంత్రము లేదు. రేడియో అనగానే జనులకు స్ఫురించునది ఈ ఒకవైపు మాటయే. కాని రేడియో పుట్టినది ఇందుకు కాదు. తీరము నుండి ఓడకును, ఓడ నుండి తీరమునకును మాట అటునిటు పోవలెననియే తొలినాటి వైర్‌లెస్ నిపుణులు శ్రమించిరి. ప్రసారము ఆ ఇంట తరువాత పుట్టిన బిడ్డ.

ఆ రెండువైపుల రేడియో బండి యెక్కిన చరిత్రను, అందునను బండి మీద నిలిచిన ఒక సన్నని లోహపు చువ్వ చరిత్రను ఇచట చెప్పదలచితిమి. పాతవారు దానిని ఏరియల్ అనిరి; నేటివారు యాంటెన్నా అందురు. రేడియోపెట్టె ఎంత వెలగలదైనను, ఆ చువ్వ తగినది కానిచో పలుకు బండిని దాటి పోదు. సూళ్లూరుపేట వంటి తీరప్రాంతమున తిరుగు బండికి ఎట్టి ఏరియల్ తగును అను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. తుఫాను వచ్చిన రాత్రి అది చిన్న ప్రశ్న కాదు.

ముందుగా ఆ నేలను చూతము. సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, మద్రాసు–కలకత్తా రహదారి మీద నున్న పట్టణము. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు. ప్రళయకావేరి అని దానికి మరియొక పేరు కలదు. ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత మన దేశమున ఇదియే పెద్దది. దానికావల శ్రీహరికోట, ఆపైన సముద్రము. సరస్సు నడుమ నుండి కట్ట మీదుగా శ్రీహరికోటకు రోడ్డు పోవుచున్నది. వానకాలమున రెండు ప్రక్కల నీరు; వేసవిలో నీరింకి, పగుళ్లువారిన ఉప్పుపర్ర. ఉత్తరమున గూడబాతులు గూళ్లు కట్టు నేలపట్టు. తీరము వెంబడి ఇసుక, సరుగుడు తోటలు, పాత బకింగ్‌హాము కాలువ. రోడ్డు దిగినచో నాలుగు చక్రములకును బలము అందు బండి మాత్రమే ఇచట ముందుకు సాగును.

ఇక గాలివానల సంగతి. 1984 నవంబరు 14న తీవ్రమైన తుఫాను శ్రీహరికోట చేరువనే తీరము దాటెను. 1989 నవంబరులో, థాయిలాండు సింధుశాఖలో పుట్టి భూమిని దాటి బంగాళాఖాతమున మరల బలపడిన ‘గే’ అను పెనుతుఫాను కావలి వద్ద తాకెను. 2021 నవంబరులో పెన్నానది వరదకు పడుగుపాడు వద్ద రైలుదారి కొట్టుకొనిపోయెను. కోవూరు ప్రాంతమున జాతీయ రహదారి కోతపడెను. ఇట్టి దినములందు తీగెలు తెగును, సెల్లు టవరులకు విద్యుత్తు ఆగును, దారి నడుమ తెగి బండి ఇవతల నిలిచిపోవును. అప్పుడు ఆ బండిలోని వానికి మిగులునది నెత్తిమీది చువ్వయే.

ఆ చువ్వ ఎట్లు పుట్టెను? 1880 దశకము చివర జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగములను పుట్టించి చూపినప్పుడు ఆతని సాధనమునకు రెండు చేతులుండెను. ఒక లోహదండము ఈ వైపునకు, ఒకటి ఆ వైపునకు. రెండింటి నడుమ నిప్పురవ్వ. 1895లో ఇటలీలో మార్కొనీ ఆ రెండు చేతులలో ఒకదానిని ఎత్తుగా గాలిలోనికి లేపి, రెండవదానిని నేలలోనికి దింపెను. ఒక చేయి స్థానమున భూమియే నిలిచెను. గజములలో నున్న దూరము మైళ్లలోనికి పోయెను. అదే కాలమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు మిల్లీమీటర్ల పొడవు గల తరంగములతో, చేతిలో ఇముడు సాధనములతో ప్రయోగములు చేసెను. ఏరియల్ పరిమాణమును తరంగదైర్ఘ్యమే నిర్ణయించునని ఈ ఇరువురి పనిముట్లను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో తెలియును. ఒకరిది స్తంభము, ఒకరిది అరచేతి కొమ్ము.

మార్కొనీ వాహనమును గూడ విడువలేదు. 1901లో ఆతడు ఒక ఆవిరిబండి పైకప్పున పొడవైన లోహపు గొట్టమును ఏరియల్‌గా నిలిపెను. బండి నడచునప్పుడు దానిని కప్పు మీద పడుకొనబెట్టుదురు. నిలిచిన తరువాత లేపుదురు. బండి ఏరియల్‌కు గల తొలి చిక్కు ఆ మొదటి బండితోనే బయటపడెను. ఎత్తైనది బాగుగా పలుకును. కాని ఎత్తైనదానితో బండి నడువలేదు. ఆ తరువాత నూటయిరువది సంవత్సరములుగా జరిగిన కృషి యంతయు ఈ చిక్కుతో చేసికొన్న రాజీలే.

రాజీ ఎట్లు కుదిరెనో తెలియుటకు కొంచెము లెక్క కావలెను. తరంగదైర్ఘ్యము మీటర్లలో కావలెనన్నచో 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగింపవలెను. 145 మెగాహెర్ట్జ్ వద్ద అది రెండు మీటర్లకు కొంచెము మించును. అందులో నాల్గవ వంతు, అనగా సుమారు అర మీటరు చువ్వ, భూమి అను రెండవ చేతితో కలిసి చక్కగా పనిచేయును. 27 మెగాహెర్ట్జ్ వద్ద ఆ నాల్గవ వంతు 2.78 మీటర్లగును. 7 మెగాహెర్ట్జ్ వద్ద పది మీటర్లు దాటును. అది బండి మీద మోయదగినది కాదు.

బండికి భూమి ఎక్కడిది? నాలుగు రబ్బరు చక్రముల మీద నిలిచిన బండి నేలను తాకనే తాకదు. బండి యొక్క ఇనుప ఒడలే ఆ లోటును పూరించును. ఇది మా వృత్తిలో మాకు తెలిసిన విషయమే. మధ్యతరంగ ప్రసారకేంద్రముల స్తంభము చుట్టును, చక్రపు ఆకుల వలె, రాగి తీగెలను నేలలో పాతుదురు. స్తంభమును చూచువారు చాలమంది. పాదు క్రింది రాగిని ఎరిగినవారు తక్కువ. ఆ రాగి లేనిచో ప్రసారశక్తిలో పెద్ద భాగము మన్నును వేడిచేయుటకే పోవును. బండి పైకప్పు ఆ రాగి తీగెలకు ప్రతినిధి. కనుక ఏరియల్‌ను కొనుటయనగా చువ్వను మాత్రమే కొనుట కాదు. దాని క్రింద లోహమెంత యున్నదో చూచుకొనుట.

రెండువైపుల మాట బండికి ఒక్కసారిగా రాలేదు. 1928లో అమెరికాలోని డెట్రాయిటు పోలీసులు తమ కార్లలో రేడియో గ్రాహకములు అమర్చిరి. కేంద్రము చెప్పును, కారులోని వారు విందురు. విన్నట్లు చెప్పవలెనన్నచో దిగి టెలిఫోను వెదకుకొనవలెను. 1933లో న్యూజెర్సీలోని బయోను పట్టణపు పోలీసులు కారు నుండి బదులు పలుకు యంత్రమును వాడుకలోనికి తెచ్చిరి. 1940లో కనెక్టికటు రాష్ట్రపు పోలీసులకు డేనియల్ నోబుల్ రూపొందించిన రెండువైపుల ఎఫ్.ఎం. వ్యవస్థ అమరెను. పౌనఃపున్యములు పైకి పోయిన కొలది చువ్వ కురుచయయ్యెను. చెట్టుకొమ్మ తగిలినను వంగి లేచు ఉక్కు కొరడా వచ్చెను. ఒకవైపు నుండి రెండువైపులకు రావలెనన్నచో డెట్రాయిటు కారులకు కావలసినది ప్రసారిణి మాత్రమే కాదు, దానికి తగిన ఏరియల్ గూడ.

మన తీరము చాలకాలము ఆ డెట్రాయిటు కారు వలెనే ఉండెను. 1924లో మద్రాసున రేడియో క్లబ్బు ప్రసారములు మొదలు పెట్టెను. 1938లో మద్రాసున ఆకాశవాణి కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము వెలసినవి. ట్రాన్సిస్టరులు వచ్చిన తరువాత పల్లెకారుల పడవలలో గూడ వాతావరణ వార్త వినబడెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది అసువులు బాసిరి. తంతి, టెలిఫోను తీగెలు తెగి అచటి ఘోరము వెలుపలి వారికి వెంటనే తెలియలేదు. 1980 దశకమున ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తుఫాను హెచ్చరికలను నేరుగా తీరగ్రామములకు పంపు ఏర్పాటు జరిగెను. తమిళనాడు ఉత్తర తీరమునను, ఆంధ్ర దక్షిణ తీరమునను దాని గ్రాహకములను ముందుగా నెలకొల్పిరి. కూత కూసి, పిదప ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక చెప్పెడి యంత్రమది. 1990 మే నెలలో మచిలీపట్నపు తీరమును పెనుతుఫాను తాకునాటికి ముందుగా చెప్పుటయు, ముందుగా తరలించుటయు ఎంత మేలు చేయునో లోకమునకు తెలిసినది. అయినను ఆ గ్రాహకమును గూడ వినవలసినదే. ‘మా ఊరి కట్ట తెగినది, పడవ పంపుడు’ అని దానికి చెప్పుకొనుటకు వీలు లేదు. హెచ్చరిక రాకడ ఒక సగము. ఆపద పోకడ రెండవ సగము. రెండవ సగము పోలీసు వైర్‌లెస్‌కును, అభిరుచితో రేడియో నేర్చిన హాములకును మిగిలిపోయెను.

హాముల మాట వచ్చినది గనుక వారి చరిత్రను గూడ తడవవలెను. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము మన దేశమున లైసెన్సు లేక వైర్‌లెస్ యంత్రము దగ్గర నుంచుకొనుటయే నేరము. పరీక్ష నిచ్చి అనుమతి పొందినవారు మాత్రము తమ సొంత స్టేషను పెట్టుకొనవచ్చును. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ ఏర్పడి తెలుగునాట ఈ విద్యకు ఒక ఇల్లు కట్టెను. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము, నేడు శ్రీవిజయపురమనబడు పోర్టుబ్లెయిరు నుండి ప్రపంచపు హాములతో ముచ్చటించుచుండెను. డిసెంబరు 26న సునామీ వచ్చెను. అంతవరకు వినోదముగా నడచిన స్టేషను ఆ దినము నుండి యోగక్షేమములు చేరవేయు స్టేషనయ్యెను. ఆ ఏరియళ్లు తుఫాను కొరకు నిలిపినవి కావు. నిలిపి యుండుటయే వారి అదృష్టము. ఆపద వచ్చిన తరువాత ఏరియల్‌ను ఎన్నుకొనుటకు వ్యవధి యుండదు.

ఇక ఎన్నిక. మొదటి ప్రశ్న: ఎవరితో మాటాడవలెను, ఎంత దూరము? అతిహెచ్చు పౌనఃపున్యములు, అనగా 145 మెగాహెర్ట్జ్ చుట్టుప్రక్కలవి, ఇంచుమించు చూపు సాగినంత మేర పోవును. రెండు బండ్ల ఏరియళ్లు నేలకు రెండేసి మీటర్ల ఎత్తున నున్నచో చదును నేల మీద లెక్కకు వచ్చు దూరము 11, 12 కిలోమీటర్లు. ఎదుటి ఏరియల్ 30 మీటర్ల స్తంభము మీద నున్నచో సుమారు 28 కిలోమీటర్లు. సూళ్లూరుపేటలో అట్టి స్తంభమున్నచో శ్రీహరికోట కట్టరోడ్డు మీది బండి దానికి అందును. పులికాటు వంటి చదును ఈ తరంగములకు అనుకూలము. వెలిగొండల వలె అడ్డు నిలుచు కొండ ఇచట లేదు. సరుగుడు తోట దట్టమైనచోట మాత్రము దూరము తగ్గును. నెల్లూరునకు గాని చెన్నైకి గాని నేరుగా మాట చేరవలెనన్నచో ఇది చాలదు. నడుమ రిపీటరు కావలెను. అదియు తుఫానులో నిలువవలెను.

రెండవ ప్రశ్న: ఏ చువ్వ? అంగడిలో రెండు రకములు ముందుకు వచ్చును. తరంగమునందు నాల్గవ వంతు గలది ఒకటి. ఎనిమిదింట అయిదు వంతులు గలది మరియొకటి. ఈ రెండవది 145 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు మీటరుంబావు పొడవుండును. అది శక్తిని పైకి పోనీయక నేలబారుగా చాచును. అమ్మువారు చెప్పు లాభము లెక్కలో రెట్టింపునకు దగ్గర. ఆచరణలో అంతకంటె తక్కువ. చదును రోడ్డు మీద నిటారుగా నడచు బండికి అది మంచిదే. కాని పర్రలో ఒక చక్రము దిగబడి బండి ప్రక్కకు ఒరిగినప్పుడు, నేలబారుగా చాచిన ఆ శక్తి ఒకవైపు మన్నులోనికిని, మరియొకవైపు ఆకాశమునకును పోవును. కురుచ చువ్వ శక్తిని విశాలముగా చల్లును గనుక ఒరిగినను అంతగా నష్టపడదు. చెట్టుకొమ్మల క్రింద దూరును. విరిగినచో ఉక్కు కొలతపట్టీ నుండి అర మీటరు ముక్క కత్తిరించి నిలిపినను పని జరుగును. కనుక రోడ్డు విడిచి తిరుగు బండికి నాల్గవ వంతు చువ్వయే మేలని మా అభిప్రాయము. రహదారి మీదనే తిరుగు బండికి పొడవైనదానిని కాదనము.

కొందరు చువ్వ జోలికి పోక పెట్టెలోని వాట్లను పెంచుదురు. ఇచట ఒక సూక్ష్మము కలదు. వాట్లు పెంచినచో మన కేక పెద్దదగును. ఎదుటివాని కేక మాత్రము మునుపటంతయే వినబడును. ఏరియల్ మెరుగైనచో నోరును చెవియు ఒక్కసారిగా మెరుగగును. పలుకుటలో చేసిన మేలే వినుటలోను చేయును. రెండువైపుల మాటకు ఏరియల్ మీద పెట్టిన రూపాయి రెండు వైపులకును చెల్లును.

మూడవ ప్రశ్న: ఎక్కడ నిలుపవలెను? ఇనుప పైకప్పు నడిమి భాగము ఉత్తమస్థానము. అచట నాలుగు దిక్కులకును లోహము సమముగా నుండును. వెనుక మూలన నిలిపినచో బండి ఒడలు ఏ వైపున ఎక్కువ యున్నదో ఆ వైపునకు పలుకు బలమగును, తక్కిన వైపులకు తగ్గును. ఇది జీపు యజమానులకు పాతచిక్కు. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున కూర్ప నారంభించెను. 1952లో సమాజవికాస పథకము మొదలైన తరువాత బ్లాకు జీపు ఎరుగని తాలూకా లేకుండెను. ఆ జీపునకు కప్పు గుడారపు బట్ట. తరువాత వచ్చిన బండ్లలోను బట్టకప్పువి, ఫైబరుకప్పువి కలవు. కప్పున లోహము లేనప్పుడు మూడు మార్గములు: బానెట్టు అంచున నిలుపుట, కప్పు మీద ఇనుప సామానుచట్రమును బిగించి, దానిని బండి ఒడలితో తీగెచే కలిపి, దానిపై నిలుపుట, లేదా సగము తరంగపు చువ్వను వాడుట. ఈ చివరిది మీటరు పొడవుండును. క్రింది లోహము మీద అంతగా ఆధారపడదు.

అయస్కాంతపు పాదము గల ఏరియల్ తెచ్చి ఇట్టే అంటించుట సులభము. పరీక్షించుటకు మంచిది. ఇసుక గతుకులలో, కొమ్మలలో అది జారును. దాని క్రింద చేరిన ఉప్పుతడి రంగును తినివేయును. కప్పునకు రంధ్రము చేసి మరతో బిగించినది దృఢము. రంధ్రము చుట్టు రంగు గీకి లోహమునకు లోహము తగులునట్లు చేయవలెను. ఆపైన గ్రీజు పూసి, తడి చొరకుండ మూయవలెను. ఉప్పుగాలిలో రాగిని అల్యూమినియముతో నేరుగా కలిపిన అతుకు కొలది కాలమునకే పుచ్చిపోవును. ఏరియల్ తీగె అడ్డదిడ్డముగా పొడవుండరాదు. సన్నని కోయాక్సియల్ తీగె అయిదు మీటర్లున్నచో ఈ పౌనఃపున్యమున శక్తిలో అయిదవ వంతు దానిలోనే హరించును. పొదుగులోని పాలు గిన్నెకు చేరకముందే ఒలికినట్లే యది.

దూరపు మాటకు పొడవు తరంగములు, అనగా 3 మొదలు 10 మెగాహెర్ట్జ్ వరకు గలవి కావలెను. ఇచట బండిచువ్వ చిక్కులో పడును. 3.5 మెగాహెర్ట్జ్ వద్ద నాల్గవ వంతు 21 మీటర్లు. బండి మీద రెండున్నర మీటర్లకు మించి నిలుపలేము. కొరతను తీగెచుట్టతో పూరింతురు. చుట్ట శ్రుతి కలుపును గాని పొడవును తేలేదు. ప్రసారిణి ఇచ్చిన శక్తిలో నూటికి కొన్ని పాళ్లే గాలిలోనికి పోవును. తక్కినది చుట్టలోను, నేలలోను వేడియగును. మరియొక మోసము గూడ కలదు. ఈ తరంగములందు ఆకాశపు రొద ఎక్కువ. కురుచ చువ్వ రొదను, పలుకును ఒకే పాళ్లలో తగ్గించును గనుక వినుటకు లోటు తెలియదు. బండిలోనివానికి నెల్లూరు వినబడును, హైదరాబాదు వినబడును. అతని పలుకు మాత్రము ఎవరికిని వినబడదు. తెలియకుండగనే అతడు మరల డెట్రాయిటు కారులోని శ్రోతయగును. వినబడినంత మాత్రమున తాను వినబడుచున్నానని తలచరాదు.

దీనికి మందు రెండవ ప్రపంచయుద్ధము చెప్పినది. 1940లో రాల్ఫ్ బాగ్నోల్డు నెలకొల్పిన బ్రిటిషు ఎడారిదళము లారీలలో లిబియా ఇసుక సముద్రములను దాటి తిరిగెను. వారి వైర్‌లెస్ పెట్టె బండిచువ్వతో కొలది మైళ్లకు ఉద్దేశించినది. అయినను వారు వందల మైళ్ల ఆవల నున్న స్థావరముతో మాటాడిరి. నడుచుచు కాదు, నిలిచి. సాయంకాలము బండి ఆపి, గడలు పాతి, వాటి నడుమ తీగె చాచి, పని ముగిసిన పిదప చుట్టి పెట్టుకొనిరి. జర్మను సైన్యము తన రేడియో బండ్లపై మంచపు చట్రము వంటి పెద్ద ఏరియళ్లను మోసెను; అవి తరంగములను మీదికి పంపునవి. మీదికి పోయిన తరంగము అయానమండలమును తాకి గొడుగు వలె చుట్టును దిగును. కొండ అడ్డు వచ్చినను, మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపల చీకటి ప్రదేశము లేకుండ మాట చేరును. పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ చేరువలవి ఇందుకు సాధారణముగా అనువైనవి.

సూళ్లూరుపేటకు నెల్లూరు, తిరుపతి, విజయవాడ అన్నియు ఆ గొడుగు క్రిందివే. దానికి కావలసినది 7 మెగాహెర్ట్జ్ వద్ద 20 మీటర్ల తీగె, రెండు గడలు. నెల్లూరు తీరమున సరుగుడు వాసములకు కొదువ లేదు. నాలుగైదు మీటర్ల ఎత్తున కట్టిన తీగె చాలును. తీగె తక్కువ ఎత్తున నుండుట సాధారణముగా లోపము. ఈ పనికి మాత్రము అదియే గుణము. అండమానుకో, సింగపూరుకో నేలబారుగా పలుకు పోవలెనన్నచో నిలువు చువ్వయే కావలెను. అప్పుడు పులికాటు ఒడ్డు వరము. ఉప్పునీరు ఎండిన ఇసుక కంటె వేలరెట్లు విద్యుద్వాహకము. నీటి అంచున నిలిపిన నిలువు ఏరియల్‌కు ఆ సరస్సే రాగిపరుపు.

కొన్ని జాగ్రత్తలు చెప్పక విడువరాదు. గూడూరు–చెన్నై రైలుదారి మీది తీగెలో 25,000 వోల్టులు ప్రవహించును. పొడవు చువ్వ గల బండి లెవెలు క్రాసింగు చేరకముందే చువ్వను వంచి కట్టవలెను. ఊరి విద్యుత్తు తీగెల క్రింద గడ లేపరాదు. ఉరుము వినబడినచో తీగెను పెట్టె నుండి ఊడదీయవలెను. లైసెన్సు లేనివాడు సెట్టు మీట నొక్కరాదు. 1933 నాటి చట్టము స్థానమున 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినను, అనుమతి అవసరము పోలేదు. పరీక్ష కఠినమైనది కాదు. ప్రతి తీరపట్టణమున పదిమంది యువకులు దానిని వ్రాయవచ్చును.

సరస్సు ఆవలి ఒడ్డున ఇదే పాఠము మరింత పెద్ద యెత్తున నడచుచున్నది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగసెను. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. పైకి పోవు రాకెట్టు తన క్షేమమును చెప్పుచునే పోవును; నేల మీది కేంద్రము అవసరమైనచో దానికి ఆజ్ఞ పంపును. అదియు రెండువైపుల మాటయే. 2010 నుండి ఇస్రో వారి ఆపద సంకేత ప్రసారిణులు సముద్రము మీది పల్లెకారుల మొరను ఉపగ్రహము ద్వారా ఒడ్డునకు చేర్చుచున్నవి. 2024 జనవరిలో ప్రకటించిన రెండవ తరపు యంత్రమునకు ముఖ్యమైన కొత్త గుణమొకటి కలదు: ‘నీ మొర చేరినది’ అను బదులు పడవకు తిరిగి వచ్చును. మొర పంపుట యెంత ముఖ్యమో, అది చేరినదని తెలియుట అంత ముఖ్యమని దీని భావము. బదులు వచ్చిన మనిషి ఓపిక పట్టి నిలుచును. రానివాడు నీటిలో దిగి నడచును.

సూళ్లూరుపేట బండికి మా సలహా ఇంతియే. కప్పు నడుమ అర మీటరు చువ్వ ఒకటి, అడుగున స్ప్రింగుతో. సీటు క్రింద గోనెసంచిలో 20 మీటర్ల రాగితీగె, నాలుగు తాళ్లు, కొలతపట్టీ ఒకటి. మొదటిది నడుచుచు ఊరితో మాటాడుటకు. రెండవది నిలిచి జిల్లాతో మాటాడుటకు. ఈ రెండింటిని ఎండకాలముననే కట్టి చూచి, ఎంత దూరము పోవునో పుస్తకమున వ్రాసికొనవలెను. అక్టోబరు వచ్చి ఈశాన్యపు గాలి తిరిగిన పిమ్మట నేర్చుకొనుటకు తీరము వ్యవధి నీయదు.